హోంవర్క్ ముందు కూర్చుంటాడు, పెన్ను కదలదు: ఫోన్ లాక్కునే ముందు ఇది చూడండి

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో సాయంత్రాలు ట్యూషన్ చెబుతాను. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా, లెక్కలూ సైన్సూ. కొత్తగా పిల్లల్ని చేర్చడానికి వచ్చే అమ్మలంతా గుమ్మంలోనే ఒక మాట అంటారు. "ఫోన్ తినీసింది మాస్టారూ ఈ గుంటడిని." అప్పటికే ఇంట్లో ఫోన్ లాక్కోవడం, టీవీ వైరు పీకేయడం, పక్కింటి పిల్లతో పోల్చి తిట్టడం అన్నీ అయిపోయి ఉంటాయి. "నోట్సు తెరిచి చూశారా అమ్మా?" అంటే మాత్రం చూసుండరు.

కాబట్టి ముందు ఈ అర నిమిషం పని చేయండి. ఈ రోజు హోంవర్క్‌లో మొదటి ప్రశ్న మీద వేలు పెట్టి రెండు మాటలు అడగండి. "ఇందులో ఏం చెయ్యమంటున్నాడో తెలుగులో చెప్పు. మొదటి లైను ఏం రాస్తావు?" మీకు ఆ పాఠం రానక్కర్లేదు, ఇంగ్లీషూ రానక్కర్లేదు. పిల్లవాడు తడుముకోకుండా చెబితే గొడవ టైముదో ఫోన్‌దో, అది చిన్న సంగతి. నీళ్లు నమిలితే మాత్రం మూడో లక్షణం చదవండి.

లక్షణం 1: "తర్వాత చేస్తా" అంటాడు, అసలు కూర్చోడు

ఎక్కువసార్లు ఆకలి, లేదంటే అలసట. పొద్దున ఏడున్నరకి ఆటో ఎక్కిన పిల్ల సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆరవుతుంది. రాగానే పుస్తకం అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. తినడానికి ఏదైనా పెట్టండి. తర్వాత గడియారం చూసి కాకుండా, ఒక పనికి ముడిపెట్టి కూర్చోబెట్టండి: పాల గ్లాసు సింకులో పెట్టగానే పుస్తకం. "ఏడింటికి మొదలెడతా" అంటే ఏడుంబావు అవుతుంది, ఏడున్నర అవుతుంది. గ్లాసు పెట్టడం అలా జరగదు.

లక్షణం 2: చదువుతున్నానంటాడు, చేతిలో ఫోనే

ప్రైవేటు బడుల్లో చాలావాటికి హోంవర్క్ క్లాసు వాట్సాప్ గ్రూపులోనే వస్తోంది. అందుకే "హోంవర్క్ చూస్తున్నా" అన్న మాట నిజమే, మొదటి నిమిషం వరకు. హోంవర్క్ మొత్తం ఒక కాగితం మీద రాయించుకుని, ఫోన్ వేరే గదిలో పెట్టేయండి. టేబుల్ మీద బోర్లా పెడితే చాలదు. మా ట్యూషన్‌లో ఫోన్లన్నీ బయట చెప్పుల స్టాండ్ పై అరలో ఉంటాయి. చెప్పుల పక్కన పెట్టారని ఒక తండ్రికి కోపం వచ్చింది కూడా.

లక్షణం 3: కూర్చుంటాడు, ఫోన్ కూడా లేదు, గంటైనా జవాబు లేదు

నన్ను దెబ్బకొట్టింది ఇదే. తొమ్మిదో తరగతి కుర్రాడు, నెమ్మదస్తుడు. లెక్కల హోంవర్క్ ఏ రోజూ పూర్తి కాదు. వాళ్ల అమ్మ ఫోన్ అంది, నేనూ సరే అన్నాను. నెల రోజులు ఫోన్ బీరువాలో పెట్టించాను. ఏమీ మారలేదు. పెన్సిల్ చెక్కుకున్నాడు, మంచినీళ్లు తాగాడు, రీఫిల్ మార్చాడు, మళ్లీ మంచినీళ్లు తాగాడు. బద్ధకస్తుడని తేల్చేశాను, ఆ మాట వాడి ముందే అన్నాను కూడా.

ఒక రోజు వాడి నోట్సు నా ముందుకు లాక్కున్నాను. మార్జిన్ ఎర్రసిరాతో, ప్రశ్న నీలంతో, అచ్చులా రాశాడు. కింద "సొల్యూషన్" అని రాసి స్కేలు పెట్టి రెండు గీతలు. దాని కింద ఆరేడు లైన్లు ఖాళీ. మళ్లీ ప్రశ్న, మళ్లీ రెండు గీతలు, మళ్లీ ఖాళీ. వెనక్కి తిప్పితే నాలుగు పేజీలు అలాగే ఉన్నాయి. జవాబు తర్వాత రాద్దామని జాగా వదిలిపెట్టుకుంటూ వచ్చాడు.

ప్రశ్న ఇది: 1/√7 ఇచ్చి, 'రేషనలైజ్ ది డినామినేటర్' అని ఉంది. "√7ని √7తో గుణిస్తే ఎంతరా?" అన్నాను. "ఏడు" అన్నాడు, ఠక్కున. "మరి ఇది చెయ్యి" అన్నాను. తల దించుకున్నాడు. చాలాసేపటికి, "రేషనలైజ్ అంటే ఏటి మాస్టారూ?" అన్నాడు.

అదీ సంగతి. పైనా కిందా √7తో గుణిస్తే √7/7 వస్తుంది, కింద రూట్ పోతుంది, లెక్క అయిపోతుంది. లెక్క వాడికి వచ్చు. ఏం చెయ్యమంటున్నాడో చెప్పే ఆ ఒక్క మాట తెలీదు. చిన్న క్లాసులు తెలుగు మీడియంలో చదివి మధ్యలో ఇంగ్లీషులోకి మారిన పిల్లవాడు. క్లాసులో అడిగితే నవ్వుతారని భయం, ఇంట్లో అడగడానికి ఎవరికీ తెలీదు.

ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి కదా అనకండి. ఆ తెలుగు పేజీలో "హారాన్ని అకరణీయం చేయండి" అని ఉంటుంది. అది మాత్రం ఇంట్లో ఎవరు మాట్లాడే తెలుగు?

ఇది బయటికి అచ్చం బద్ధకంలాగే కనిపిస్తుంది. తెలీని ప్రశ్న ముందు కూర్చుంటే పిల్లలకు సిగ్గు, టెన్షన్. లేచి నీళ్లు తాగితే ఆ కాసేపు హాయి. పని వాయిదా వేయడమంటే ఎక్కువగా ఆ క్షణపు చిరాకు నుంచి తప్పించుకోవడమేనని సిరోయిస్, పిచిల్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2013లో రాశారు. మనం తిడితే ఆ చిరాకు రెట్టింపవుతుంది, ఇంకో గ్లాసు నీళ్లు ఖాళీ అవుతాయి.

ఇప్పుడు నేను చేయిస్తున్నది ఇది. నోట్సు చివరి పేజీలో "ఏం చెయ్యమన్నాడు" అని పేరు పెట్టి మాటలు రాయిస్తాను, అర్థం వాళ్ల సొంత తెలుగులో. సింప్లిఫై: ఇంకా చిన్నది చెయ్యి. ఫ్యాక్టరైజ్: గుణకారంగా విడగొట్టు. వెరిఫై: విలువలు వేసి రెండు వైపులా సమానమో కాదో చూడు. ప్రూవ్: అది వేరు, ఒక్క విలువ వేసి చూపిస్తే మార్కులు రావు. జస్టిఫై: ఎందుకో కూడా రాయి. డిస్టింగ్విష్: మధ్యలో గీత కొట్టి, రెండు వైపులా తేడాలు రాయి. పాతిక ముప్పై మాటలు దాటవు, అవే తిరిగి తిరిగి వస్తాయి.

రెండోది, ప్రశ్న కాపీ చేయడం చివరికి. ముందు నంబరు వేసి జవాబు మొదటి లైను రాయాలి, ప్రశ్నకు పైన జాగా వదలాలి. అందంగా ప్రశ్నలు రాసుకుంటూ గంట గడిపేసే దారి అప్పుడు మూసుకుపోతుంది. మొదటి లైను తట్టకపోతే, అభ్యాసానికి ముందు చేసి చూపించిన ఉదాహరణ తీసి, అంకెలు మార్చి దాని మొదటి లైను దించమంటాను. అప్పటికీ రాకపోతే పక్కన ప్రశ్నార్థకం పెట్టి తర్వాతి దానికి పోవాలి. మర్నాడు నేను ముందు చూసేది ఆ గుర్తులే.

ఆ కుర్రాడికి ఫోన్ తిరిగి ఇప్పించాను. వాళ్ల అమ్మ ముందు వాడికి సారీ కూడా చెప్పాను, తప్పు నాదే కనుక.

లక్షణం 4: మొదలెడతాడు, పది నిమిషాలకే లేస్తాడు

ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ ఆయన 1980ల చివర్లో, కాలేజీ రోజుల్లో, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో ఒక పద్ధతి పెట్టుకున్నాడు: 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. ఎనిమిదో తరగతి వాళ్లకి నేను 15 నిమిషాలతో మొదలుపెడతాను. విరామంలో ఫోన్ ఇవ్వొద్దు, ఆ ఐదు నిమిషాలు ఐదుతో ఆగవు. మేడ మీద నాలుగడుగులు వేసి రమ్మనండి.

ఇక అరుదైనవి. బోర్డు కనబడక పక్కవాడి నోట్సులోంచి తప్పులతో సహా దించుకుంటున్నాడేమో, కంటి డాక్టరుకి చూపించండి. చిన్నప్పటి నుంచీ ఆటలో, భోజనం దగ్గర, అన్నిచోట్లా నిలకడ లేకపోతే పిల్లల డాక్టరుతో మాట్లాడండి, ట్యూషన్ మాస్టారుతో కాదు.

దసరా సెలవుల హోంవర్క్ వేరే జబ్బు. "సిరిమాను అయ్యాక మొదలెడతాం" అంటారు. మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర సిరిమానేమో విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, ముందురోజు తొలేళ్ల సంబరం. తొలేళ్లకు ముందు ఆదివారానికే సగం రాయించేయండి. ఆ సోమ, మంగళవారాలు ఈ ఊళ్లో పుస్తకం తెరిపించగల మాస్టారు ఇంకా పుట్టలేదు. నేనైతే ఆ రెండు రోజులూ ట్యూషన్‌కి తాళం వేసేస్తాను.