భావ్‌కాపీ పట్టికను చదవడం, వడపోయడం

నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ప్రతి ట్రేడింగ్ రోజు సాయంత్రం తన వెబ్‌సైటులో ఉంచే భావ్‌కాపీలో (ఆ రోజు ధరల పట్టికలో), ఆ రోజు చేతులు మారిన ప్రతి సెక్యూరిటీకి ఒక వరుస ఉంటుంది. డబ్బు కట్టి కొనే విశ్లేషణ సాఫ్ట్‌వేరు లేకపోయినా, ఎక్సెల్ గానీ ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ కాల్క్ గానీ ఉంటే ఈ పట్టికను మనకు కావలసినట్టు వడపోసుకోవచ్చు. రెండు మూడు రకాల ఫైళ్లలో, డెలివరీ వివరాలు (కొన్న షేర్లలో ఎన్ని నిజంగా కొన్నవారి ఖాతాకు చేరాయో) కూడా ఉండే పూర్తి భావ్‌కాపీని ఎంచుకోవడం మంచిది. ఈ వివరణకు నేను 2024 అక్టోబరు నాటి ఫైళ్లను ఆధారంగా తీసుకున్నాను.

ఫైలు తెరవగానే పై వరుసను ఫ్రీజ్ చేసి, కంట్రోల్, షిఫ్ట్, ఎల్ మీటలు కలిపి నొక్కితే ప్రతి కాలమ్ శీర్షిక పక్కన ఫిల్టర్ బాణం వస్తుంది. అయితే వడపోతకు ముందు ఒక శుభ్రత పని ఉంది. ఈ ఫైలులో కాలమ్‌లను వేరుచేసే కామా తరువాత ఖాళీ అక్షరం ఉంటుంది కాబట్టి, సిరీస్ (సెక్యూరిటీ ఏ విభాగానిదో చెప్పే గుర్తు) గడిలో కంటికి ‘ఈక్యూ’ అని కనిపించేది నిజానికి ఖాళీతో మొదలయ్యే ‘ఈక్యూ’. ఖాళీ లేని ‘ఈక్యూ’తో పోల్చే సూత్రం ఏది రాసినా ఒక్క వరుస కూడా సరిపోలదు. కొత్తవాళ్లు గంటసేపు సూత్రంలో తప్పు వెతుక్కుంటారు. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ఖాళీ అక్షరాన్ని ఇచ్చి, దాని స్థానంలో ఏమీ పెట్టకుండా అన్నిటినీ మార్చేస్తే ఈ చిక్కు తీరుతుంది.

మొదటి వడపోత సిరీస్ మీదే జరగాలి. ఈక్యూ సాధారణ షేర్లకు వాడే గుర్తు. బీఈ అంటే కొన్న ప్రతి షేరునూ డెలివరీ తీసుకోవలసిన విభాగం, అక్కడ ఇంట్రాడే, అంటే కొన్నరోజే అమ్మేయడం, కుదరదు. ఎస్‌ఎం చిన్న, మధ్యతరహా సంస్థలది. జీబీ సార్వభౌమ పసిడి బాండ్లది. ఈక్యూ ఒక్కటే ఉంచుకున్నా అన్నీ కంపెనీలే మిగులుతాయనుకోకూడదు, ఎందుకంటే నిఫ్టీ బీస్, లిక్విడ్ బీస్ వంటి ఈటీఎఫ్‌లు (షేర్లలా కొని అమ్మే ఫండ్లు) కూడా ఇదే సిరీస్‌లో ట్రేడ్ అవుతాయి. పేరులో ‘బీస్’ ఉన్నవాటిని తీసేస్తే కొన్ని పోతాయి గానీ అన్నీ పోవు. ఈటీఎఫ్ సింబళ్ల (ఎక్స్ఛేంజ్ వాడే పొట్టి పేర్ల) జాబితా ఒకటి వేరే షీటులో ఉంచుకుని దానితో సరిచూసుకోవడమే నమ్మదగిన దారి.

తరువాత టర్నోవర్, అంటే ఆ రోజు జరిగిన లావాదేవీల మొత్తం విలువ. ఈ కాలమ్‌లోని అంకె లక్షల్లో ఉంటుంది, కాబట్టి రోజుకు కనీసం 5 కోట్ల రూపాయల లావాదేవీ జరిగిన షేర్లు కావాలంటే 500 కంటే ఎక్కువ అని ఇవ్వాలి. ఎంత పరిమితి పెట్టాలన్నది మీ పెట్టుబడిని బట్టి ఉంటుంది. అసలు పరిమితే పెట్టకపోతే మాత్రం, పది మంది కూడా కొనని షేర్లు శాతాల జాబితాలో పైకి తేలి మిగతావాటిని కప్పేస్తాయి.

మార్పు శాతం కోసం కొత్త కాలమ్ చేర్చి, ముగింపు ధరలోంచి ముందురోజు ముగింపును తీసివేసి, ముందురోజు ముగింపుతో భాగించి, వందతో హెచ్చించాలి. ఇక్కడ క్లోజ్, లాస్ట్ అనే రెండు కాలమ్‌లు తికమక పెడతాయి. లాస్ట్ అంటే చివరి లావాదేవీ జరిగిన ధర. ఈ 2024 ఫైళ్లలో క్లోజ్ అంటే మధ్యాహ్నం 3:00 నుంచి 3:30 వరకు జరిగిన లావాదేవీల పరిమాణ భారిత సగటు (ఎక్కువ షేర్లు మారిన ధరకు ఎక్కువ బరువు ఇచ్చే సగటు). శాతాలన్నీ క్లోజ్‌తోనే లెక్కించాలి. గరిష్ఠ, కనిష్ఠ ధరల మధ్య ముగింపు ఎక్కడ నిలిచిందో చూడడానికి మరో కాలమ్ చేరిస్తే, రెండూ సమానమైన వరుసల్లో సున్నాతో భాగించిన దోషం కనిపిస్తుంది. లావాదేవీలు బాగా జరిగినా ఇలా ఉందంటే, ఆ షేరు రోజంతా సర్క్యూట్ (ఆ రోజు ధర దాటకూడని హద్దు) దగ్గరే బిగుసుకుపోయి ఉండవచ్చు. ఎగువ సర్క్యూట్‌లో అమ్మేవాళ్లే ఉండరు కాబట్టి, పట్టికలో 5 శాతం లాభం చూపిన ఆ షేరును ఆ రోజు మనం కొనగలిగేవాళ్లమా అన్నది సందేహమే.

డెలివరీ శాతం గడిలో కొన్ని వరుసలకు అంకె బదులు గీత ఉంటుంది; దాన్ని సున్నాగా మార్చకుండా ఖాళీగా వదిలేయాలి, లేకపోతే సగటు తప్పుతుంది.

ఫిల్టర్ వరుసలను దాచుతుందే తప్ప తొలగించదు. అందుకే వడపోసిన తరువాత టర్నోవర్ మొత్తం కోసం సమ్ వాడితే దాగిన వరుసలు కూడా కలిసిపోతాయి. సబ్‌టోటల్ సూత్రాన్ని 109 సంఖ్యతో వాడితే కనిపించే వరుసలే లెక్కలోకి వస్తాయి.

అనేక రోజుల ఫైళ్లను ఒకే పట్టికగా పేర్చినప్పుడే అసలు జాగ్రత్త కావాలి. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2024 అక్టోబరు చివర 5 రూపాయల ముఖవిలువ గల షేరును రూపాయి షేర్లుగా విభజించింది. విభజనకు ముందు, తరువాతి ఫైళ్లను పక్కపక్కన పెడితే ధర దాదాపు ఐదో వంతుకు కూలినట్టు కనిపిస్తుంది, ‘భారీగా పడిన షేర్లు’ అన్న వడపోతలో అది మొదటి వరుసలో నిలుస్తుంది. చార్టు సాఫ్ట్‌వేర్లు పాత ధరలను సవరించి చూపుతాయి గానీ ముడి భావ్‌కాపీ అలా చేయదు. పాత ధరలను 5తో భాగించి, పాత పరిమాణాలను 5తో హెచ్చించుకోవడం మన పని. సింబళ్లు కూడా స్థిరం కావు. అమరరాజా బ్యాటరీస్ 2023లో అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా పేరు మార్చుకున్నప్పుడు సింబల్ మారింది, దానితో పట్టికలో ఒకే కంపెనీ రెండుగా చీలింది. ప్రతి సెక్యూరిటీకి విడిగా ఇచ్చే ఐసిన్ సంఖ్యతో జతపరిస్తే పేరు మార్పులు చిక్కు పెట్టవు, కానీ పూర్తి భావ్‌కాపీలో ఆ కాలమ్ లేదు. 2024 జులై నుంచి వస్తున్న కొత్త నమూనా భావ్‌కాపీలో ఉంటుంది కాబట్టి, అక్కడి నుంచి సింబల్ ఆధారంగా తెచ్చి చేర్చుకోవాలి. అయితే ముఖవిలువ మారినప్పుడు ఐసిన్ కూడా మారుతుంది, అందువల్ల డాక్టర్ రెడ్డీస్ వంటి సందర్భాల్లో పాత, కొత్త సంఖ్యలను జతచేసే చిన్న పట్టిక ఒకటి చేత్తో రాసి పెట్టుకోక తప్పదు.