భోజనం చేస్తూ పాటలు వింటారా? అయితే ఇలా వినండి

కంచం ముందు కూర్చోగానే పాట పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఎంత వేగంగా నములుతున్నాం, ఎంతసేపు కూర్చున్నాం, ఎంత తిన్నాం అన్న విషయాల్లో కూడా ఆ పాట వేలు పెడుతుంది. ఏ పాట వింటే బరువు తగ్గుతామని అడిగేవాళ్లున్నారు. అంతటి మహిమ గల పాట ఏదీ లేదు. చూసుకోవలసింది అది మోగే తీరును.

1. ముందు పాట లేకుండా ఒక పూట తినండి

ఒక పూట పాట లేకుండా, మరో పూట ఎప్పటిలాగే పాటతో తినండి. ఎంతసేపు పట్టింది, మళ్లీ వడ్డించుకున్నారా అన్నది రెండుసార్లూ రాసి పెట్టుకోండి. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో కాలేజీ విద్యార్థులతో ఇలాగే ఆహార డైరీలు రాయించారు. పాట మోగిన పూటల్లో వాళ్లు ఎక్కువసేపు కూర్చున్నారు, ఎక్కువే తిన్నారు. మీరూ అంతేనా అన్నది మీ కాగితమే చెబుతుంది.

2. మీరు నమిలే చప్పుడు మీకు వినబడాలి

అన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. మనం నమిలే చప్పుడు, మనం తింటున్నామని మనకే గుర్తు చేస్తుంటుంది. 2016 నాటి ఒక ప్రయోగంలో కొందరికి హెడ్‌ఫోన్లు పెట్టి, కరకరలాడే చిరుతిండి ఇచ్చారు. చెవిలో హోరు పెద్దగా ఉన్నవాళ్లు సగటున 4 ముక్కలు తింటే, తక్కువగా ఉన్నవాళ్లు 2.75తో ఆపేశారు. ఒక్క ముక్క తేడాయే కదా అనిపిస్తుంది. రోజూ తినే చిరుతిండి లెక్కన చూస్తే అది చిన్నదేమీ కాదు.

పెద్ద శబ్దం నాలుకనూ మోసం చేస్తుంది. విమానంలో ఉండేంత హోరులో, అంటే సుమారు 85 డెసిబెల్స్ దగ్గర, తీపి మందగిస్తుందని 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గమనించారు. హోరులో ఉప్పు కూడా తక్కువగా తెలుస్తుందని అంతకుముందే మరో ప్రయోగంలో తేలింది. చప్పగా ఉందని ఉప్పు డబ్బా అందుకునే ముందు ఒకసారి శబ్దం తగ్గించి చూడండి.

కాబట్టి తినేటప్పుడు ఇయర్‌ఫోన్లు తీసేయండి. స్పీకరు బల్ల మీద కాకుండా గదిలో ఆ చివర పెట్టండి. ఎదుటివారితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే, కరకరలాడేది ఏదైనా కొరికినప్పుడు ఆ చప్పుడు మీకు వినబడితే, శబ్దం సరిపోయినట్టే.

3. నిదానమైన పాటలు ఎంచుకోండి, కానీ గిన్నెలు దూరంగా పెట్టండి

వేగంగా మోగే సంగీతానికి చేయి కూడా వేగంగా కదులుతుంది. నిమిషానికి నోట్లో పెట్టుకునే ముద్దల సంఖ్య పెరుగుతుందని 1985లోనే లెక్కపెట్టి చూశారు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది కాబట్టి నిదానంగా తినడమే మేలు. 15 సెకన్లలో ఎన్ని దరువులు పడుతున్నాయో వేళ్లతో లెక్కపెట్టండి. 15 నుంచి 20 మధ్య ఉంటే ఆ పాట భోజనానికి పనికొస్తుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. 1986లో ప్రచురితమైన ఒక రెస్టారెంటు అధ్యయనంలో, వేగమైన సంగీతం పెట్టిన రోజుల్లో జనం సగటున 45 నిమిషాలు కూర్చుంటే, నిదానమైన సంగీతం పెట్టినప్పుడు 56 నిమిషాలు కూర్చున్నారు. భోజనం బిల్లులో పెద్ద తేడా రాలేదు గానీ, మద్యం బిల్లు మాత్రం బాగా పెరిగింది. తీరిక దొరికితే చేయి ఊరుకోదు మరి! అందుకే కావలసినంత ఒకేసారి వడ్డించుకుని, గిన్నెలు వంటగదిలోనే వదిలి రండి.

4. పాటల జాబితా ముందే సిద్ధం చేసుకోండి

ఒక చేయి కంచంలో, మరో చేతి బొటనవేలు తెర మీద. పాట నచ్చక మార్చబోతే ఏదో సందేశం కనిపిస్తుంది, దాన్ని చదివేలోపు సగం కంచం ఖాళీ. ఏం తిన్నారో కూడా గుర్తుండదు. 20 నిమిషాలకు సరిపడా నాలుగైదు పాటలు ముందే వరుసగా పెట్టుకుని, ఫోనును బోర్లా పెట్టేయండి. ఆ జాబితా అయిపోయాక వేరే పాటలు వాటంతటవే మోగే సౌకర్యాన్ని ఆపేయండి, లేకపోతే భోజనానికి ముగింపు ఉండదు. మాటలు లేని వాద్య సంగీతమైతే ఇంకా మంచిది.

5. ఆకలి లేకపోయినా తినాలనిపిస్తే

విసుగులోనో ఒత్తిడిలోనో ఫ్రిజ్ తలుపు దగ్గరికి నడుస్తున్నప్పుడు ముందు నచ్చిన పాటలు రెండు వినండి. అవి అయ్యాక కూడా ఆకలిగానే ఉంటే నిశ్చింతగా తినండి.

6. తిండి తగ్గిన పెద్దవాళ్లకు లెక్క తిరగబడుతుంది

పైన చెప్పినదంతా అతిగా తినేవాళ్ల కోసం. మతిమరుపు వ్యాధి వచ్చిన వృద్ధులు రెండు ముద్దలు తినకముందే లేచిపోతుంటారు. వాళ్ల విషయంలో ఎక్కువసేపు కూర్చోబెట్టగలగడమే గెలుపు. స్వీడన్‌లో 1990లలో ఒక వృద్ధాశ్రమంలో భోజనం వేళ సంగీతం పెడితే, వాళ్ల అలజడి తగ్గింది, ఎక్కువ తిన్నారు కూడా. వాళ్ల యవ్వనంలో విన్న పాటలు, తక్కువ శబ్దంతో, వడ్డించడానికి కాస్త ముందే మొదలుపెట్టండి. వినికిడి యంత్రం వాడేవారికి పాటా మాటా కలిసిపోయి చిరాకు కలగవచ్చు, అప్పుడు వెంటనే ఆపేయండి. బరువు తగ్గిపోతున్నా, మింగడం కష్టమవుతున్నా పాటలతో కాలయాపన చేయకుండా వైద్యుడికి చూపించండి.