తొడ ఎముక కొలతలు – నాలుగో పాఠం: మెడ కోణం, దాని నీడ

గత మూడు పాఠాలలో తొడ ఎముక కుడి వైపుదో ఎడమ వైపుదో గుర్తించడం, విరిగి అతికినవాటినీ అరిగిపోయినవాటినీ పక్కన పెట్టడం, వెర్నియర్ కాలిపర్‌తో తల వ్యాసాన్ని తీసుకోవడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో ఎముక మెడకూ (గుండ్రని తలను కలిపే సన్నని భాగం) కాండానికీ (పొడవైన నడిమి భాగం) మధ్య ఉండే కోణాన్ని, అంటే నెక్-షాఫ్ట్ కోణాన్ని కొలుద్దాం. పెద్దవారిలో ఇది సాధారణంగా 125 నుంచి 130 డిగ్రీల దగ్గర ఉంటుంది. పుట్టిన బిడ్డలో 150కి దగ్గరగా ఉండి, నడక వచ్చి కాళ్లపై బరువు పడుతున్నకొద్దీ తగ్గుతూ వస్తుంది. పెద్దవారిలో 120 కన్నా బాగా తగ్గితే కాక్సా వేరా అనీ, 135 దాటితే కాక్సా వాల్గా అనీ పిలుస్తారు.

తుంటి దగ్గర ఎముక విరిగిన రోగికి ప్లేటు, స్క్రూ వేసే సర్జన్‌కు ఈ కోణం తప్పనిసరిగా కావాలి. డైనమిక్ హిప్ స్క్రూకు వాడే ప్లేట్లు ఎక్కువగా 135 డిగ్రీలతో తయారై వస్తాయి. రోగి కోణం ప్లేటు కోణానికి దూరంగా ఉంటే, ప్లేటు కాండానికి ఆనుకునే సరికి స్క్రూ, ఎముక తల మధ్యలోకి కాక పైకో కిందికో పోతుంది. విరిగిన వైపు కోణం తెలియదు కనుక, సర్జన్ బాగున్న కాలి ఎక్స్‌రే చూసి అంచనా వేసుకుంటారు. ఆ ఎక్స్‌రేలో కనిపించే కోణం ఎముకలో నిజంగా ఉన్న కోణమేనా అన్నదే ఈ పాఠంలో అసలు ప్రశ్న.

నేను ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో చేసిన పొరపాటును ముందుగా చెబుతాను. ఎండు ఎముకలపై కొలిచిన కోణాలనూ, ఒక ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న తుంటి ఎక్స్‌రేలపై కొలిచిన కోణాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఫిల్ముల సగటు నాలుగైదు డిగ్రీలు ఎక్కువగా వచ్చింది. కొత్త విషయం కనిపెట్టానన్న సంబరంతో, ఇప్పటి చిత్తూరు జిల్లా వాసుల కోణం పాత ఎముకల కోణం కన్నా పెద్దదని రెండు పేజీలు రాసేశాను. ఆ రాత చూసిన మా మాస్టారు ఒక్కటే అడిగారు: "మరి తలల వ్యాసం ఎందుకు సరిపోయిందయ్యా?" నిజమే, ఎక్స్‌రేలో ఎముక అసలు కన్నా పెద్దదై కనిపించే లెక్కను సరిచేశాక ఫిల్ములలోని తల వ్యాసం ఎముకల వ్యాసంతో చక్కగా కలిసింది. కోణం మాత్రమే కలవలేదు. తల దాదాపు బంతి. బంతిని ఎటు తిప్పినా దాని నీడ గుండ్రంగా, అంతే వ్యాసంతో పడుతుంది. మెడ బంతి కాదు. తేడా మనుషులలో లేదు, ఫిల్ము తీసినప్పుడు కాలు తిరిగిన తీరులో ఉంది.

ఇప్పుడు పనిలోకి వద్దాం. కావలసినవి గోనియోమీటరు (కోణం కొలిచే పరికరం), దారం, పిల్లలు ఆడుకునే క్లే, రెండు సన్నని అల్లిక సూదులు, మేస్త్రీలు వాడే రసమట్టం. బల్ల సమంగా ఉందో లేదో రసమట్టంతో రెండు దిశలలోనూ చూడాలి. బల్ల ఒక డిగ్రీ వాలి ఉంటే ఆ డిగ్రీ ప్రతి ఎముక కొలతలోనూ వచ్చి చేరుతుంది. తిరుపతి మే నెల మధ్యాహ్నాలలో క్లే మెత్తబడి సూది మెల్లగా జారిపోతుంది, ఫ్యాను వేస్తే దారం ఊగుతుంది. అందువల్ల ఈ పని ఉదయం పూట పెట్టుకోవడం మేలు. ఎముక మీద పెన్నుతో గీతలు గీయకూడదు. రేపు దానిని కొలిచేవారికి మీ గీత కనిపిస్తే వారి చేయి తెలియకుండానే అటే పోతుంది. పైగా అది ఒకప్పుడు ఒక మనిషి శరీరం.

మొదట కొలవవలసింది మెడ కోణం కాదు, యాంటీవర్షన్. మెడ కాండం నుంచి నేరుగా లోపలి వైపుకు పోదు, కొంచెం ముందుకు కూడా తిరిగి ఉంటుంది. ఆ తిరుగుడు పెద్దవారిలో సుమారు 10 నుంచి 15 డిగ్రీలు, పసిబిడ్డలో 30 నుంచి 40 డిగ్రీలు. 1948లో కింగ్‌స్లీ, ఓల్మ్‌స్టెడ్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతినే ఎండు ఎముకలకు నేటికీ ఎక్కువగా వాడుతున్నారు. ఎముకను బల్ల మీద వెల్లకిలా పెట్టాలి. మోకాలి వైపు రెండు కాండైళ్ల (ఎముక చివర గుండ్రంగా ఉబ్బిన భాగాలు) వెనుక భాగాలు, తుంటి వైపు గ్రేటర్ ట్రొకాంటర్ (మెడ దగ్గర బయటి వైపు ఉండే పెద్ద బొడిపె) వెనుక భాగం బల్లకు తగిలి ఉండాలి. ఇలా పెడితే తల బల్ల మీద ఆనకుండా కొద్దిగా పైకి లేచి నిలుస్తుంది. తల మధ్య నుంచి మెడ మధ్యగా పోయేలా ఒక సూదిని క్లేతో అంటించి, ఆ సూదికీ బల్లకూ మధ్య కోణాన్ని గోనియోమీటరుతో చదవాలి. మెడ మధ్యభాగాన్ని కంటితో అంచనా వేయకండి. మెడ అన్నిటికన్నా సన్నగా ఉన్న చోట కాలిపర్‌తో మందం తీసి, అందులో సగం దగ్గర సూదిని పెట్టండి.

ఆ తరువాతే నెక్-షాఫ్ట్ కోణం. ఇక్కడే చాలామంది తొందరపడి, ఎముకను అదే స్థితిలో ఉంచి పైనుంచి చూసి కొలిచేస్తారు. అప్పుడు మెడ బల్లకు సమాంతరంగా లేదు, 15 డిగ్రీలు పైకి లేచి ఉంది. కనుక బయటి వైపు కాండైల్ కింద క్లే ముద్ద పెడుతూ, మెడ మీది సూది బల్లకు సమాంతరమయ్యే దాకా ఎముకను తిప్పాలి. తరువాత కాండం వెడల్పును రెండు చోట్ల, లెస్సర్ ట్రొకాంటర్‌కు (మెడ కింద లోపలి వైపు ఉండే చిన్న బొడిపె) కొంచెం కిందా కాండం మధ్యలోనూ, కొలిచి సగం బిందువులను దారంతో కలపాలి. దారానికీ సూదికీ మధ్య కోణం చదవాలి. కాండంపై ఏ రెండు చోట్లు ఎంచుకున్నారో నోటుబుక్‌లో రాయండి, చోటు మారితే అంకె కూడా మారుతుంది.

ఇప్పుడు ఒక ప్రయోగం. 127 డిగ్రీలు వచ్చిన ఎముకను తీసుకుని, దానిని కదపకుండా నేరుగా పైనుంచి, కొంచెం ఎత్తు నుంచి ఫోటో తీయండి. క్లే తీసేసి రెండు కాండైళ్లూ బల్లకు ఆనేలా పెట్టి మరొకటి తీయండి. ఇక లోపలి కాండైల్ కింద క్లే పెట్టి, పాదం బయటికి తిరిగినట్టుగా ఎముకను తిప్పుతూ ఇంకో రెండు తీయండి. ఫోటోలపై కోణాలు కొలిస్తే 127 మెల్లగా పెరుగుతూ పోతుంది. వంకీ ఉన్న చేతికర్రను ఎండలో పట్టుకుని తిప్పితే, వంకీ సూర్యుడి వైపుకు తిరిగేకొద్దీ దాని నీడ కురచబడి కర్ర తిన్ననైనట్టు కనిపించడం లాంటిదే ఇది.

లెక్క కూడా సులువే. 180 నుంచి 127 తీసేస్తే 53; దాని టాంజెంట్ 1.327. దానిని మెడ ఫిల్ము తలం నుంచి ఎంత తిరిగి ఉందో ఆ కోణపు కొసైన్‌తో గుణిస్తే నీడలోని కోణపు టాంజెంట్ వస్తుంది. మెడ 15 డిగ్రీలు తిరిగి ఉంటే నీడలో 128, 30 డిగ్రీలైతే 131, 45 డిగ్రీలైతే 137 కనిపిస్తాయి. మొదటి 15 డిగ్రీలకు పెరిగింది ఒక్క డిగ్రీ, చివరి 15కు పెరిగింది ఆరు. మనిషి వెల్లకిలా పడుకుని కాలు వదిలేస్తే పాదం దానంతట అదే బయటికి వాలుతుంది. 15 డిగ్రీల యాంటీవర్షన్‌కు ఆ వాలు ఒక 30 కలిస్తే మొత్తం 45. అంటే మామూలు 127 డిగ్రీల మనిషి ఫిల్ము మీద కాక్సా వాల్గా రోగిలా కనిపిస్తాడు. నేను రాసిన రెండు పేజీల "చిత్తూరు జిల్లా కోణం" ఇదే.

కనుకే తుంటి ఎక్స్‌రే తీసేటప్పుడు రెండు పాదాలనూ 15 నుంచి 20 డిగ్రీలు లోపలికి తిప్పి ఉంచమంటారు. యాంటీవర్షన్ మేరకు కాలు లోపలికి తిరిగితే మెడ ఫిల్ముకు సమాంతరమవుతుంది. మీరు బయటి కాండైల్ కింద పెట్టిన క్లే ముద్ద చేసిన పనీ అదే. పాత ఫిల్ము చేతికొచ్చినప్పుడు అప్పుడు పాదం ఎలా ఉందో ఎవరికీ గుర్తుండదు, కానీ ఫిల్మే చెబుతుంది. కాండం లోపలి అంచున లెస్సర్ ట్రొకాంటర్ పెద్దగా పొడుచుకుని కనిపిస్తే కాలు బయటికి తిరిగినట్టు. అది కాండం వెనుక చాలావరకు దాగితే లోపలికి తిరిగినట్టు. పొడుచుకుని కనిపించిన ఫిల్ములను కోణం లెక్కలోకి తీసుకోకండి. సంఖ్య తగ్గుతుందని బాధగానే ఉంటుంది, నాకూ ఉండేది.

పెద్దదై కనిపించే లెక్క గురించి రెండు మాటలు చాలు. ఎక్స్‌రే గొట్టం నుంచి ఫిల్ముకు 115 సెంటీమీటర్లు, తుంటి ఫిల్ముకు 15 సెంటీమీటర్లు పైన ఉందనుకుంటే, పెరుగుదల 115ను 100తో భాగించినంత, అంటే 1.15 రెట్లు. 46 మి.మీ. తల దాదాపు 53 మి.మీ.గా కనిపిస్తుంది. రోగి లావును బట్టి ఇది మారుతుంది కాబట్టి, కొన్నిచోట్ల వ్యాసం తెలిసిన లోహపు బంతిని తుంటి ఎత్తులో పెట్టి ఫిల్ము తీస్తారు. కోణానికి మాత్రం ఈ బాధ దాదాపు లేదు. అంతా ఒకే నిష్పత్తిలో పెరిగితే కోణం మారదు.

చివరగా, మీ చేతి నికరం ఎంతో మీరే తేల్చుకోవాలి. పది ఎముకలు ఎంచుకోండి. ఒకే మనిషివని తెలిసిన జత ఉంటే ఒక్కదానినే తీసుకోండి, రెండూ లెక్కిస్తే ఒక మనిషిని రెండుసార్లు లెక్కించినట్టే. ఒకసారి కొలిచి, కాగితం దాచేసి, వారం తరువాత మళ్లీ మొత్తం పని మొదటి నుంచి చేయండి. ప్రతి ఎముకకూ రెండు కొలతల తేడాను వర్గం చేసి, అన్నీ కూడి, ఎముకల సంఖ్యకు రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీయండి. ఉదాహరణకు ఐదు ఎముకల తేడాలు 1, 2, 0, 1, 2 డిగ్రీలైతే వర్గాల మొత్తం 10, భాగించేది 10, వర్గమూలం 1. మీ చేతి పొరపాటు ఒక డిగ్రీ. అది మూడు దాటితే సూది అంటించే దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి. రెండు డిగ్రీల లోపు వచ్చినవారు ఆ పట్టికను, ఎక్కువ యాంటీవర్షన్ వచ్చిన ఎముకను వేరుగా గుర్తించి, దగ్గర ఉంచుకోండి. ఐదో పాఠంలో అదే ఎముకను సీటీ స్కాన్ ముక్కలలో ఎలా కొలవాలో చూసేటప్పుడు ఆ అంకెలు కావాలి.