ఇంటర్వ్యూ అయ్యాక థాంక్యూ మెయిల్: ఎప్పుడు పంపాలి, ఏం రాయాలి

ఇంటర్వ్యూ నుంచి బయటికి రాగానే ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి ఎలా జరిగిందో చెప్తాం. అంతకంటే ముందు ఒక పని చేయండి. ఎక్కడైనా కాస్త కూర్చుని, లోపల ఏం మాట్లాడుకున్నారో ఫోన్‌లోనే గబగబా రాసుకోండి. ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఏ ప్రశ్న అడిగారు, ఏ విషయం దగ్గర ఎక్కువసేపు ఆగారు, తమ టీమ్‌లో ఏ ఇబ్బంది ఉందని చెప్పారు, మీరు ఏ జవాబు సగంలో వదిలేశారు. పూర్తి వాక్యాలు అక్కర్లేదు, ముక్కలు ముక్కలుగా రాసుకున్నా చాలు. సాయంత్రానికి ఇందులో సగం గుర్తుండదు. థాంక్యూ మెయిల్‌కి కావాల్సిన సరుకంతా ఇక్కడే ఉంది.

నేను అకౌంట్స్ విభాగంలో పనిచేస్తాను. మా టీమ్‌లోకి కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు ప్రశ్నలు అడిగే వైపు కూర్చుంటాను. కాబట్టి ఈ మెయిల్స్ అందుకునేవాళ్లకి అవి ఎలా కనిపిస్తాయో నాకు తెలిసినంతవరకు చెప్తాను.

ముందుగా ఒక మాట. థాంక్యూ మెయిల్ వల్ల ఉద్యోగం రాదు. ఇంటర్వ్యూ సరిగ్గా జరగకపోతే తర్వాత ఎంత బాగా రాసినా లాభం లేదు. మేం నింపే ఫీడ్‌బ్యాక్ ఫారంలో పనికి సంబంధించిన అంశాలకే మార్కులుంటాయి, మెయిల్ పంపారా లేదా అన్న గడి ఉండదు. మెయిల్ రాలేదని నేనెవరినీ తక్కువగా చూడను. మరెందుకు పంపాలంటే, వరసగా నలుగురైదుగురితో మాట్లాడిన రోజు ఎవరేం చెప్పారో మాకు కలగాపులగం అయిపోతుంది. ఫారం నింపేది ఆ సాయంత్రమో, మర్నాడు పొద్దున్నో. ఆ సమయానికి మీ మెయిల్ వచ్చి, మాట్లాడుకున్న ఒక విషయాన్ని గుర్తుచేస్తే మీ జవాబు మళ్లీ కళ్లముందుకు వస్తుంది. ఇద్దరు అభ్యర్థులు దాదాపు సమానంగా ఉన్నప్పుడు అది బాగా పనికొస్తుంది. అదలా ఉంచితే, మన కోసం గంటసేపు కేటాయించిన మనిషికి ఆ రోజే ఒక మంచి మాట చెప్పడం మర్యాద. ఫలితం ఏదైనా ఆ మర్యాద వృథా పోదు.

ఎప్పుడు పంపాలి

అదే రోజు సాయంత్రం, లేదంటే మర్నాడు ఉదయం. ఇరవై నాలుగు గంటలు దాటనివ్వకండి. ఇంటర్వ్యూ ముగిసిన ఐదు నిమిషాలకే వచ్చే మెయిల్ ముందే రాసిపెట్టుకున్నట్టు అనిపిస్తుంది. కొన్ని గంటలు ఆగితే మీకూ ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. వారాంతానికి ముందురోజు ఇంటర్వ్యూ జరిగితే మాత్రం ఆ సాయంత్రమే పంపేయండి. సెలవులయ్యాక పంపితే అది పేరుకుపోయిన మెయిల్స్ అడుగున పడుతుంది. ఈలోగా ఫారం కూడా నింపేసి ఉంటారు.

ఎవరికి, ఏ దారిలో

ఈమెయిలే మంచిది. వాట్సాప్‌లో పంపొచ్చా అని చాలామంది అడుగుతారు. హెచ్‌ఆర్ మొదటినుంచీ మీతో వాట్సాప్‌లోనే మాట్లాడుతుంటే ఆయనకో ఆవిడకో అక్కడ రెండు లైన్లు పంపడంలో తప్పులేదు. ఇంటర్వ్యూ చేసినవాళ్ల సొంత నంబర్ ఎక్కడినుంచో సంపాదించి మెసేజ్ పెట్టడం మాత్రం వద్దు. ఎదుటివాళ్లకి అది ఇబ్బందిగా ఉంటుంది, మీమీద ఉన్న మంచి అభిప్రాయం కాస్తా పోతుంది.

ప్యానెల్‌లో ఉన్నవాళ్ల మెయిల్ అడ్రస్ తెలియకపోతే హెచ్‌ఆర్ పంపిన క్యాలెండర్ ఆహ్వానం ఒకసారి తెరిచి చూడండి. చాలాసార్లు అందులో ప్యానెల్ వాళ్ల అడ్రస్‌లు కూడా ఉంటాయి. లేకపోతే హెచ్‌ఆర్‌కే రాసి, "ఈ నాలుగు మాటలు ఫలానా వారికి అందజేయగలరా" అని అడగండి. ఎవరూ కాదనరు. పేరుకి కంపెనీ డొమైన్ తగిలించి అడ్రస్ ఊహించి పంపకండి. అది వేరేవాళ్లకి వెళ్లే ప్రమాదం ఉంది. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినవాళ్లు ముందు ఆ కన్సల్టెంట్‌నే అడగాలి, నేరుగా రాయడం కొందరికి నచ్చదు.

ముగ్గురు కూర్చుంటే ముగ్గురికీ విడివిడిగా రాయండి. ఒకే మెయిల్‌ని పేరు మార్చి ముగ్గురికీ పంపితే మాకు వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే మేం పక్కపక్కనే కూర్చుంటాం. "నీకూ వచ్చిందా?" అని ఒకరినొకరం అడుగుతాం. మొత్తం మార్చక్కర్లేదు. ఒక్కొక్కరితో మాట్లాడిన విషయం ఒక్కో వాక్యం ఉంటే చాలు.

ఏం రాయాలి

నాకు తరచూ వచ్చే మెయిల్ ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన సర్/మేడమ్, నాకు ఈ అవకాశం కల్పించినందుకు హృదయపూర్వక ధన్యవాదాలు. మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో పనిచేయాలన్నది నా చిరకాల కోరిక. నా నైపుణ్యాలు మీ సంస్థ ఎదుగుదలకు తోడ్పడతాయని నమ్ముతున్నాను. మీ సానుకూల స్పందన కోసం ఎదురుచూస్తూ ఉంటాను."

ఇందులో తప్పంటూ ఏమీ లేదు. కానీ ఇది ఏ కంపెనీకి పంపినా సరిపోతుంది, ఎవరు పంపినా సరిపోతుంది. ఇంటర్వ్యూకి రాని మనిషి కూడా దీన్ని రాయగలడు. "సర్/మేడమ్" అని చూడగానే, గంటసేపు ఎదురుగా కూర్చున్నా నా పేరు పట్టించుకోలేదని అనిపిస్తుంది. చాట్‌జీపీటీ లాంటివి వచ్చాక ఈ రకం మెయిల్స్ ఇంకా పెరిగాయి. భాష సరిచూసుకోవడానికి వాటిని వాడుకోండి, కానీ విషయం మీదే అయి ఉండాలి. ఆ గదిలో ఏం జరిగిందో వాటికి తెలియదు, మీకు తెలుసు.

ఇప్పుడు ఇంకొకటి చూడండి. నమూనా తెలుగులో ఇస్తున్నాను. మీరు మాత్రం ఇంటర్వ్యూ ఏ భాషలో జరిగితే ఆ భాషలోనే రాయండి.

విషయం: ధన్యవాదాలు – అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ఇంటర్వ్యూ, మంగళవారం

ఫలానా గారికి, నమస్తే.

ఈరోజు మధ్యాహ్నం నాతో మాట్లాడటానికి సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు. నెలాఖరులో వెండర్ బిల్లులన్నీ ఒకేసారి వచ్చిపడతాయని మీరు చెప్పాక, ఈ ఉద్యోగంలో అసలు పని ఎక్కడుందో నాకు బాగా అర్థమైంది.

ఒకే ఇన్‌వాయిస్ రెండుసార్లు ఎంట్రీ అయితే ఎలా పట్టుకుంటారని అడిగారు. ఇన్‌వాయిస్ నంబర్ సరిచూస్తానని చెప్పాను. దానికి ఒక విషయం చేర్చాలనుకుంటున్నాను. ఒకరు 0045 అని, ఇంకొకరు 45 అని కొడితే నంబర్లు వేరు కాబట్టి సిస్టమ్ వాటిని రెండు బిల్లులుగా తీసుకోవచ్చు. అందుకే వెండర్, మొత్తం, బిల్లు తేదీ మూడూ ఒకటే అయిన ఎంట్రీలను పేమెంట్‌కి ముందే విడిగా తీసి చూస్తాను.

ఈ పని చేయాలని నాకు చాలా ఆసక్తిగా ఉంది. ఇంకేమైనా వివరాలు కావాలంటే చెప్పండి, వెంటనే పంపుతాను.

ఇట్లు,
పేరు, ఫోన్ నంబర్

ఈ మెయిల్ చదవడానికి ఒక నిమిషం కూడా పట్టదు. అందులో నా పేరు ఉంది, నేను చెప్పిన ఇబ్బంది ఉంది, నేను అడిగిన ప్రశ్న ఉంది. అన్నిటికంటే నాకు నచ్చేది మధ్య పేరా. బయటికి వెళ్లాక కూడా ఈ మనిషి ఆ ప్రశ్న గురించి ఆలోచించారు. బిల్లుల పనిలో రోజూ కావాల్సింది ఆ గుణమే. దాని కోసం ఇంటర్వ్యూలో ఎన్ని ప్రశ్నలు అడిగినా ఇంత స్పష్టంగా బయటపడదు.

ఇలా ఒక జవాబుని సరిదిద్దేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం. ఒక్క జవాబే సరిదిద్దండి. మూడు నాలుగు ఎత్తుకుంటే ఇంటర్వ్యూ మొత్తం చెడిపోయిందని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. "టెన్షన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, క్షమించండి" అని మొదలుపెట్టకండి, నేరుగా విషయంలోకి వెళ్లండి. ఆ జవాబు మీకు నిజంగా తెలిసి ఉండాలి. తర్వాతి రౌండ్‌లో అక్కడినుంచే ప్రశ్నలు రావచ్చు. ఇంకో విషయం, ఇప్పుడున్న కంపెనీ అంకెలు, వెండర్ల పేర్లు ఉదాహరణగా కూడా రాయొద్దు. వాళ్ల లెక్కలు మాకు చెప్పేవాళ్లు రేపు మా లెక్కలు ఇంకొకరికి చెప్తారేమో అనే అనుమానం మాకు వస్తుంది.

సరిదిద్దాల్సిన జవాబు లేకపోతే కావాలని ఒకటి పుట్టించక్కర్లేదు. వాళ్లు చెప్పినదాంట్లో మీకు కొత్తగా తెలిసిన విషయం ఒకటి రాయండి. లేదా మాటల్లో మీరు పంపుతానన్న ఫైలో లింకో ఉంటే దాన్ని ఈ మెయిల్‌తోనే పంపండి. పంపుతానని చెప్పి పంపకపోతే దాన్ని మేం గుర్తుపెట్టుకుంటాం.

నిడివి నూరు నుంచి నూట యాభై మాటలు చాలు, ఫోన్‌లో తెరిస్తే పెద్దగా జరపక్కర్లేకుండా అయిపోవాలి. రంగు అక్షరాలు, ఎమోజీలు వద్దు. అడగకపోతే రెజ్యూమె మళ్లీ జత చేయకండి. జీతం, సెలవులు, ఇంటినుంచి పని గురించి ఈ మెయిల్‌లో ఎత్తకండి. "ఈ ఉద్యోగం నాకు చాలా అవసరం" అని ఇంటి కష్టాలు రాసేవాళ్లున్నారు. అవి చదివినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. కానీ ఎంపిక దాన్నిబట్టి చేయలేను కాబట్టి, ఇద్దరికీ ఇబ్బందే మిగులుతుంది.

పంపే ముందు పేరు ఒక్కొక్క అక్షరం సరిచూడండి. అంతకుముందు ఇంకో కంపెనీకి రాసిన మెయిల్‌ని కాపీ చేసి ఉంటే ఆ కంపెనీ పేరు ఎక్కడా మిగల్లేదని రెండుసార్లు చూసుకోండి. హెచ్‌ఆర్ పంపిన పాత మెయిల్‌కే రిప్లై ఇస్తుంటే అందరికీ వెళ్తోందా, ఒక్కరికే వెళ్తోందా అన్నది గమనించండి.

హెచ్‌ఆర్‌తో ఫోన్‌లో జరిగే మొదటి పరిచయానికి రెండు లైన్లు చాలు. తర్వాత రౌండ్ రౌండ్‌కీ కొత్తవాళ్లు ఉంటే వాళ్లకి రాయండి, ముందు రాసినవాళ్లకి మళ్లీ అక్కర్లేదు.

జవాబు రాకపోతే

చాలామంది జవాబు ఇవ్వరు. నేనూ చాలావాటికి ఇవ్వను. నిర్ణయం కాకముందు అభ్యర్థికి ఏం రాసినా ఆశ పెట్టినట్టే అవుతుందని ఆగిపోతాను. అందుకని మౌనం చూసి కంగారు పడకండి. ఫలానా రోజుకి చెప్తామని వాళ్లు అని ఉంటే, ఆ రోజు దాటాక రెండు పనిదినాలు ఆగి హెచ్‌ఆర్‌కి రాయండి. ఏమీ చెప్పకపోతే ఒక వారం ఆగండి. "ఫలానా ఉద్యోగానికి ఫలానా రోజు ఇంటర్వ్యూకి వచ్చాను, ఏమైనా తెలిసిందా అని అడుగుతున్నాను" అంటే సరిపోతుంది. ఇంకో వారం తర్వాత మరొక్కసారి అడగొచ్చు. ఆపైన అడగకుండా వేరే ప్రయత్నాల మీద దృష్టి పెట్టండి.

తీసుకోలేదని కబురొచ్చినా ఒక మెయిల్ రాయండి. ఇది చేసేవాళ్లు చాలా తక్కువ. "తెలియజేసినందుకు ధన్యవాదాలు. నెలాఖరు పని గురించి మీరు చెప్పినవి నాకు ఉపయోగపడ్డాయి. ముందుముందు సరిపోయే ఖాళీ ఏదైనా వస్తే దయచేసి నన్ను గుర్తుపెట్టుకోండి." ఇంతే. ఎంపికైనవాళ్లు చివరి నిమిషంలో చేరకపోవడం, చేరినా కొన్ని వారాలకే మానేయడం మామూలుగా జరిగేవే. అప్పుడు మళ్లీ మొదటినుంచి ఇంటర్వ్యూలు పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు, రెండో స్థానంలో ఉన్నవాళ్లకి ఫోన్ చేద్దామా అనుకుంటాం. ఇంకా ఆసక్తి ఉందని ఎవరు రాశారో మెయిల్ తెరిచి చూసేది అప్పుడే.