ఫీడర్ స్విచ్ వేసేముందు ఇవి చూస్కోండి

భీమవరం వైపు చెరువుల ఏరేటర్లకి (నీళ్ళలో గాలి కలిపే మిషన్లు) టైమర్ బోర్డులు చేసేవాళ్ళు, కాళ్ళున్న కాంపోనెంట్లకి ఆటో ఫీడర్ (టేప్ రీల్ నుంచి ఒక్కో పార్టు లాగి, కాళ్ళు కత్తిరించి ఇచ్చే, గాలితో నడిచే మిషన్) పెడుతుంటే ముందు ఇవి చూడండి.

– టేప్ పిచ్ (టేప్ మీద పార్టుకీ పార్టుకీ మధ్య దూరం) కొలవండి. రెసిస్టర్ల యాక్సియల్ (రెండు చివర్లా కాళ్ళున్న) టేప్ మామూలుగా 5 మి.మీ., రేడియల్ (రెండు కాళ్ళూ ఒకే వైపున్న) కెపాసిటర్లది 12.7, సెట్టింగ్ తేడా వస్తే మొదట్లోనే జామ్.

– డయోడ్, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి ప్లస్, మైనస్ వైపులుంటాయి కాబట్టి వాటి రీళ్ళు ఎటు తిరిగున్నాయో చూడాలి, చేత్తో పెడితే ఒకటో రెండో తప్పుతాయి గానీ రీలే తిరగబడితే బోర్డులన్నీ పోతాయ్ కదా.

– మన దగ్గర గాలిలో తేమ చాలా ఎక్కువ, రోజూ కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు దింపెయ్యండి లేకపోతే అవి ఫీడర్ గాలి సిలిండర్లలోకి పోతాయి, విప్పిన రీళ్ళు సిలికా జెల్ వేసి కవర్లో కట్టకపోతే కాళ్ళు నల్లబడి సోల్డర్ పట్టదు.

– కట్టర్‌లో ఇరుక్కుంటే చెయ్యి పెట్టొద్దు, కరెంటు పోయినా లైన్లో గాలుంటే బ్లేడు కదుల్తుంది, రెండూ ఆపాకే తియ్యండి.