రొయ్య గుల్ల గట్టిపడటం లేదా? సున్నం బస్తా విప్పే ముందు చూడండి

విజయనగరం జిల్లా పూసపాటిరేగ, భోగాపురం వైపు రొయ్యల చెరువుల్లో గుల్ల మెత్తగా ఉందనగానే సున్నం బస్తాలు దిగుతాయి. దయచేసి ఒక్క రోజు ఆగండి. ఎన్ని రోజుల నుంచి మెత్తగా ఉందన్నదే అసలు ప్రశ్న.

నిన్న బాగుంది, ఇవాళ మెత్తబడింది
ఇది జబ్బు కాదు, మోల్టింగ్, అంటే గుల్ల విడవడం. తలకీ ఒంటికీ మధ్య అతుకు విచ్చుకుని రొయ్య పాత గుల్లలోంచి బయటపడుతుంది. కొత్త గుల్ల తడిసిన కాగితంలా ఉండి, నీటిలోని కాల్షియం తీసుకుని ఒకటి రెండు రోజుల్లో బిగుస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఎక్కువ రొయ్యలు ఒకేసారి గుల్ల విడుస్తాయి. ఆ రాత్రి టెన్షన్ పడాల్సింది ఆక్సిజన్ గురించి. ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తెల్లవార్లూ తిరగాలి, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) 4 పీపీఎం కంటే తగ్గకూడదు. పీపీఎం అంటే లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని. మేత కాస్త తగ్గించండి.

నాలుగు రోజులైనా గట్టిపడలేదు
నీరు పరీక్ష చేయించండి. పెద్ద వానల తర్వాత ఆల్కలినిటీ (నీటి క్షారత) 100 పీపీఎం కంటే తగ్గితే డోలమైట్ గానీ వ్యవసాయ సున్నం (కాల్చని సున్నపురాయి పొడి) గానీ చల్లండి. కాల్చిన సున్నం వద్దు, పీహెచ్ ఒక్కసారిగా పెరిగిపోతుంది.

సున్నం వేసినా మెత్తగానే ఉంది, వల ఎత్తగానే తోక కొక్కెంలా వంగిపోతోంది
బోరు నీటి చెరువుల్లో ఇదే ఎక్కువ. మేమూ నాలుగు రోజులు సున్నం చల్లాం. నీటి రిపోర్టు చూస్తే కాల్షియం కావలసినంత ఉంది, లేనిది పొటాషియం. సముద్రపు నీటి పాళ్ల ప్రకారం సెలినిటీ (ఉప్పదనం) లీటరుకి 5 గ్రాములున్న చెరువులో పొటాషియం 55 పీపీఎం, మెగ్నీషియం 185 పీపీఎం దగ్గర ఉండాలి. ఎకరం చెరువులో 4 అడుగుల నీరుంటే, 10 పీపీఎం పొటాషియం పెంచడానికి సుమారు 100 కిలోల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ పడుతుంది. అంటే 50 కిలోల బస్తాలు రెండు. నీటిలో కరిగించి, రెండు మూడు విడతల్లో పోయండి.

గుల్లకీ కండకీ మధ్య సందు
నడుం దగ్గర బొటనవేలితో నొక్కండి. గుల్ల లోపలికి దిగి, కింద కండ తగలకపోతే అది లూజ్ షెల్. లివర్ కూడా కుంచించుకుపోయి కనిపిస్తుంది. మినరల్స్‌తో ఇది తీరదు. రొయ్యను ల్యాబ్‌లో చూపించి, అమ్మే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) వచ్చి ఉంటే పట్టుబడి చేసేయడమే మేలు. యాంటీబయోటిక్స్ జోలికి అసలు పోవద్దు.

తల గుల్ల లోపలి వైపు, గోరుతో గీకినా పోని తెల్ల మచ్చలు
వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బని అనుమానించి వెంటనే పరీక్షకు పంపండి. ఫలితం వచ్చేదాకా చుక్క నీరు కూడా కాలువలోకి వదలకండి. ఆ కాలువ నీళ్లే పక్క రైతు తోడుకుంటాడు.