ఆర్‌ఎక్స్ 100 కార్బొరేటర్ నుంచి పెట్రోల్ కారుతోందా? మార్చేముందు ఇవి చూడండి

రాత్రి బండి పెట్టేసి పొద్దున చూస్తే ఇంజిన్ కింద తడి మరక, షెడ్డంతా పెట్రోల్ వాసన. యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు ఉన్నవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన కథే. 1985లో మొదలై 1996లో ఆగిపోయిన బండి కదా, ఎంత లేదన్నా ప్రతి కార్బొరేటర్‌కీ ముప్పై ఏళ్ల వయసు వచ్చేసింది. షాపుకి తీసుకెళ్తే "కార్బెటర్ పోయింది, కొత్తది వేసేద్దాం" అంటారు. వెంటనే ఒప్పుకోకండి. ఒరిజినల్ మికుని కంపెనీ కార్బొరేటర్ బాడీకి పగుళ్లు లేకపోతే దాన్ని పారేయాల్సిన పనే లేదు, ఎందుకంటే లీకు చాలాసార్లు లోపల పెట్రోల్‌ని ఆపాల్సిన చిన్న నీడిల్ దగ్గరే ఉంటుంది.

ఇంకో మాట ముందే చెప్పాలి. కారుతోంది కదా అని ఓవర్‌ఫ్లో పైపుకి బిరడా బిగించడం, పైపు మడిచి తాడు కట్టడం దయచేసి చేయకండి. లోపల పెట్రోల్ ఎక్కువైతే బయటికి పోవడానికి పెట్టిన దారి అది. దాన్ని మూసేస్తే పెట్రోల్ ఇంజిన్‌లోకి దిగుతుంది. టూ స్ట్రోక్ బండిలో క్రాంక్ కేస్ నిండిపోయి, ప్లగ్ తడిసి, కిక్ కొట్టినా కదలని పరిస్థితి వస్తుంది. పాత బుల్లెట్ లాంటి ఫోర్ స్ట్రోక్ అయితే ఇంకా ప్రమాదం, రింగుల సందుల్లోంచి దిగి ఇంజిన్ ఆయిల్‌ని పల్చన చేసేస్తుంది.

పని ఆరుబయట పెట్టుకోండి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పాకుతూ పోతుంది, కాబట్టి వంటగది, దేవుడి దీపం, సిగరెట్ ఏవీ దగ్గర్లో ఉండకూడదు.

విప్పకముందే లీకు ఎక్కడో కనిపెట్టాలి, సగం పని ఇదే. కార్బొరేటర్‌ని గుడ్డతో పొడిగా తుడిచి, ట్యాంక్ కింది పెట్రోల్ ట్యాప్ ఆన్ చేసి ఊరికే చూస్తూ ఉండండి. పెట్రోల్ నిలవుండే కింది గిన్నె అంచు చుట్టూ చెమ్మ పడితే ప్యాకింగ్ పోయినట్టు. డ్రెయిన్ స్క్రూ దగ్గర చుక్క వేలాడితే దాని వాషర్. పైన గొట్టం తగిలించే చోట తడిస్తే గొట్టం గట్టిపడి పగిలింది, అది మారిస్తే సరిపోతుంది. ఓవర్‌ఫ్లో పైపులోంచి ధారగా కారుతుంటే మాత్రం నీడిల్, అది కూర్చునే సీటు, పెట్రోల్ మీద తేలుతూ నీడిల్‌ని పైకి నెట్టే ఫ్లోట్, ఈ మూడింట్లో ఏదో ఒకటి, లేదా గిన్నె లోపల నిలువుగా ఉండే సన్నటి ఇత్తడి గొట్టం పగిలి ఉండాలి. ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు, నీడిల్ మార్చి మార్చి విసిగిపోతారు.

ఇక విప్పడం. ట్యాప్ మూసి, గొట్టం పీకి, గిన్నెలో ఉన్న పెట్రోల్‌ని డబ్బాలోకి వదిలేయండి. రెండు వైపులా క్లాంపులు వదులు చేసి కార్బొరేటర్‌ని పక్కకి తిప్పగలిగితే గిన్నె స్క్రూలు అక్కడే అందుతాయి, లోపల చూడటానికి అంతా ఊడదీయక్కర్లేదు. ఆయిల్ పంపు పైపుని వీలైనంతవరకు కదపకండి, విప్పితే అందులో గాలి లేకుండా బ్లీడ్ చేశాకే బండి నడపాలి, లేకపోతే ఇంజిన్‌కి ఆయిల్ అందక పట్టేస్తుంది. గిన్నె స్క్రూలు చూడటానికి మామూలు స్టార్ స్క్రూల్లా ఉంటాయి కానీ జపాన్ కొలతవి, మన దగ్గర దొరికే సాదా స్క్రూడ్రైవర్ వాటిలో జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ అని రాసి ఉన్న డ్రైవర్ ఒకటి కొనుక్కోండి, పాత జపాన్ బండి ఉన్నంతకాలం పనికొస్తుంది.

గిన్నె తీయగానే అడుగున ఏముందో చూడండి. ఎర్రటి పొడి ఉంటే ట్యాంక్ లోపల తుప్పు పట్టిందన్నమాట, అదే వచ్చి నీడిల్ కింద ఇరుక్కుంటోంది. ఫ్లోట్ పిన్ను మెల్లగా తోసి ఫ్లోట్‌నీ నీడిల్‌నీ బయటికి తీయండి. నీడిల్ మొన చుట్టూ గోటితో తడిమితే తగిలేంత గాడి పడితే ఇక అది పనికిరాదు, రుద్ది నునుపు చేస్తే ఇంకా పాడవుతుంది. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోల్ చప్పుడు వస్తే చిల్లు పడింది. ఇత్తడి ఫ్లోట్‌కి టంకం వేస్తామని ఎవరైనా అంటే లోపలి పెట్రోల్ పూర్తిగా పోకుండా వేడి తగలనివ్వకండి, పేలుతుంది. కొత్తది వేసుకోవడమే మేలు.

ఇత్తడి గొట్టం పరీక్ష సులువు. గిన్నెలో ఆ గొట్టం కొనకి కొంచెం కిందివరకు పెట్రోల్ పోసి పాత న్యూస్‌పేపర్ మీద పెట్టండి. ఓవర్‌ఫ్లో వైపు కాగితం తడిస్తే గొట్టం పగిలింది, గిన్నె మార్చాల్సిందే.

స్పేర్లు కొనేటప్పుడు నీడిల్ ఒక్కటే అడగకండి, సీటుతో కలిపి సెట్‌గా తీసుకోండి. అరిగిన సీటు మీద కొత్త నీడిల్ సరిగ్గా కూర్చోదు. సీటు మరతో బిగించేదైతే దాని కింద పల్చటి వాషర్ ఉంటుంది, దాన్ని కూడా మార్చండి. అన్నీ కొత్తవి వేసినా కారుతుందంటే తప్పు తరచూ ఈ వాషర్‌దే, పెట్రోల్ నీడిల్‌ని దాటకుండా సీటు పక్క నుంచి దిగిపోతుంటుంది. రబ్బరు ఓరింగులు, ప్యాకింగ్ కొనేటప్పుడు ఇథనాల్ పెట్రోల్‌కి తట్టుకునేవి అడగండి, ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది, పాతకాలం రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడిపోతుంది. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టేముందు రబ్బరువన్నీ తీసేయండి, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. జెట్‌లలోకి, అంటే పెట్రోల్ కొలతగా వెళ్లే సన్నటి రంధ్రాలున్న ముక్కల్లోకి, రాగి తీగ దూర్చే అలవాటు చాలాచోట్ల ఉంది, రంధ్రం పెద్దదైతే మైలేజీ పోతుంది, గాలి కొట్టి శుభ్రం చేస్తే చాలు.

బిగించాక, గిన్నె పెట్టకముందు ఒక పరీక్ష చేయండి. కార్బొరేటర్‌ని తలకిందులు చేసి, పెట్రోల్ వచ్చే చోట శుభ్రమైన గొట్టం తగిలించి నోటితో ఊదండి. ఫ్లోట్ తన బరువుతో నీడిల్ మీద వాలి ఉన్నప్పుడు గాలి అస్సలు పోకూడదు, వేలితో ఫ్లోట్ ఎత్తితే పోవాలి. ఇక్కడ గాలి పోతోందంటే పెట్రోల్ కూడా పోతుంది, మళ్లీ విప్పండి. ఫ్లోట్ ఎత్తు సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన కొలతకి ఉండాలి, తేడా ఉంటే నీడిల్‌ని తాకే సన్నటి రేకుని వెంట్రుకవాసి వంచాలి, అంతే, ఫ్లోట్ ప్లాస్టిక్ భాగాన్ని పట్టి వంచకూడదు.

తిరిగి ఎక్కించేటప్పుడు కార్బొరేటర్ నిటారుగా ఉందో లేదో చూడండి, పక్కకి వంగితే లోపల మట్టం మారి అన్నీ బాగున్నా కారుతుంది. స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే భాగం) విప్పి ఉంటే దాని గాడి పిన్నులో కూర్చోవాలి, కోసినట్టుండే వైపు ఎయిర్ ఫిల్టర్ దిక్కుకి రావాలి. స్టార్ట్ చేసేముందు యాక్సిలరేటర్ తిప్పి వదలండి, టక్కుమని వెనక్కి రాకపోతే కిక్ కొట్టొద్దు.

తుప్పు కనిపించినవాళ్లు ట్యాంక్ కడిగించి గొట్టం మధ్యలో చిన్న ఫిల్టర్ పెట్టించుకోవాలి, లేకపోతే కొత్త నీడిల్ కింద కూడా అదే పొడి చేరుతుంది. ఆ తర్వాత ట్యాప్ ఆన్ చేసి అరగంట, కింద కాగితం పరిచి చూడండి. పొడిగా ఉంటే పని అయినట్టే, కానీ బండి ఆపినప్పుడల్లా ట్యాప్ మూసే అలవాటు మాత్రం మానకండి.